ఒరిజినల్ నేనే!

నేను ఒక రశీదును. అలాగని కిరాణా కొట్టువాడు చింపి ఇచ్చే చీటీలాంటి దాన్ని అనుకునేరు. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలైందని సాక్ష్యం చెప్పే నిండు కాగితాన్ని. నా మీద పదిహేను అంకెల నంబరు ఉంటుంది. అలాంటి నంబరు దేశంలో ఇంకో రిటర్నుకు ఉండదు. మీలో చాలామంది నాలాంటివాళ్ళను ఫోన్లో ఎక్కడో పడేసి మరిచిపోతారు. నేను అలా పడి ఉన్న రకం కాదు. ప్రింటర్లోంచి పుట్టాను, గాజులా మెరిశాను, కాలాను, అయినా నిలబడ్డాను. అందుకే నా గొంతు కాస్త పెద్దది. ఏమీ అనుకోకండి.

నేను పుట్టింది తునిలో, రైల్వే స్టేషను రోడ్డులో, వీరబాబు నెట్ సెంటర్లో. జూలై ఆరో తారీఖు, ఉదయం పదకొండు గంటలు. నాకంటే ముందు ఎవరిదో హాల్ టికెట్టు బయటికి వచ్చింది, నా వెనక ఇంకెవరిదో జాతకం వచ్చింది. ఇద్దరికీ రేపు ఏమవుతుందోనన్న బెంగ. నాకు ఆ బెంగ లేదు. జరిగిపోయిన సంవత్సరం సంగతి చెప్పేదాన్ని కదా, నాకు ధీమా ఎక్కువ.

నన్ను పుట్టించుకున్న ఆవిడ పేరు రేవళ్ళ నూకరత్నం. కూరగాయల మార్కెట్టు పక్క సందులో ఇస్త్రీ బడ్డీ. భర్త సన్యాసిరావు బట్టలు ఉతుకుతాడు, ఆవిడ ఇస్త్రీ చేస్తుంది, లెక్కలూ మాటలూ కూడా ఆవిడవే. ఊళ్ళో కొత్తగా నలభై పడకల ఆసుపత్రి తెరిచారు. దుప్పట్లు, దిండు గలీబులు రోజూ ఉతికి ఇచ్చే పని ఎవరికివ్వాలా అని వెతుకుతున్నారు. నూకరత్నం వెళ్ళి మాట్లాడింది. మేనేజరు సరేనంటూనే ఒక మెలిక పెట్టాడు. పని ఎవరి పేరు మీద తీసుకుంటారో వాళ్ళ ఆదాయపు పన్ను రిటర్ను వేసి ఉండాలి, అది వెరిఫై అయినట్టు ఆగస్టు పదిలోగా కంప్యూటర్లో కనబడాలి. లేకపోతే మిషన్లున్న కాకినాడ కంపెనీకి ఇచ్చేస్తానన్నాడు.

ఆ ఇంట్లో బడ్డీ చీటీ సన్యాసిరావు పేరు మీద ఉంది, బండి ఆయన పేరు మీదే ఉంది, కరెంటు మీటరు పోయిన మామగారి పేరు మీద ఉంది. ఇదీ సన్యాసిరావు పేరునే వెయ్యబోతుంటే ఆయనే అడ్డం పడ్డాడు.

"పని మాటాడుకొచ్చింది నువ్వు. చేయించేదీ నువ్వే. మధ్యలో నా పేరెందుకే? నీ పేరు మీద పెట్టు" అన్నాడు.

అలా నా మీద ఆవిడ పేరు ఎక్కింది. దాని కింద కట్టవలసిన పన్ను సున్నా అని ఉంది. ఊళ్ళో మూడంతస్తుల మేడలున్న పెద్దమనుషులు నా పేరు వింటేనే ఆమడ దూరం పోతారు. సున్నా కట్టవలసిన ఈవిడ మాత్రం పెళ్ళికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని నా కోసం వచ్చింది. మనుషులు నాకు ఇప్పటికీ అర్థం కారు.

"అక్కా, ఇంకా అవలేదు" అన్నాడు వీరబాబు. "నీ ఆధార్‌కి ఉన్న ఫోన్‌కి ఓటీపీ వస్తే ఇక్కడే ముగించేద్దుం."

"ఆ ఫోన్ని మీ బావ దుప్పట్లతో కలిపి ఉతికేశాడు తమ్ముడూ. ఏడేళ్ళయింది. ఆ నంబరే పోయింది."

"అయితే దీని మీద నీలం పెన్నుతో సంతకం పెట్టి బెంగుళూరులో ఉన్న పన్ను ఆఫీసుకి పోస్టు చేసెయ్యి. ముప్ఫై రోజుల్లో వాళ్ళకి చేరాలి. చేరకపోతే అసలు వెయ్యనట్టే లెక్క."

ఆవిడ అక్కడే కూర్చుని సంతకం పెట్టింది. నాలిక పంటి కింద పెట్టుకుని, గుండ్రటి తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ దిద్దింది. నూకరత్నం అన్న పేరులో ఎన్ని మెలికలున్నాయో ఆ రోజే నాకు తెలిసింది. నా ఒళ్ళు పులకరించింది. మనసులో మాట చెప్తున్నాను, అంత ఆనందం నాకు అంతకుముందు లేదు. అంతకుముందు అంటే పది నిమిషాలే అనుకోండి.

ఇక్కడ మీకు ఆ ఇంటి ధర్మశాస్త్రం చెప్పాలి. అందులో రెండే సూత్రాలు. మొదటిది, ఒరిజినల్ చెయ్యి దాటకూడదు. ఆవిడ మామగారు ఇంటిస్థలం పట్టాను 'ఓసారి చూసిస్తా' అన్న ఒక పెద్దమనిషి చేతిలో పెట్టాడట. ఆయన ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు. రెండోది, లామినేషన్ లేని కాగితం ఆ ఇంట్లో బతకదు. ఏ మూల చూసినా నీళ్ళే, తడి బట్టలే. అందుకని రేషను కార్డు దగ్గర్నుంచి టీకాల చీటీ దాకా అన్నీ ప్లాస్టిక్కులోనే ఉంటాయి.

అందుచేత నూకరత్నం పక్క కొట్టుకి వెళ్ళి నాకు ఒక జిరాక్సు తీయించింది. ఆ నల్లటి నీడను కవర్లో పెట్టి బెంగుళూరుకు స్పీడు పోస్టు చేసింది. నన్ను లామినేషన్ మిషన్లో పెట్టించింది.

అబ్బ, ఆ భోగం! అటూ ఇటూ ప్లాస్టిక్కు దుప్పటి, చుట్టూ అంచు. ఇక వాన తడపదు, చెద తినదు. బడ్డీలో దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతూ, బట్టలిచ్చే ప్రతివాడినీ పైనుంచి చూసేదాన్ని. 'ఒరిజినల్ నేనే! బెంగుళూరు పోయింది నా జిరాక్సు' అని గర్వంతో ఊగేదాన్ని. గాలికి కూడా కాస్త ఊగేదాన్నేమో, అది వేరే సంగతి.

మూడు రోజులకోసారి నాకు ఊరేగింపు ఉండేది. ఆవిడ నన్ను సంచిలో పెట్టుకుని వీరబాబు దగ్గరికి తీసుకెళ్ళేది. నా అంకెల్ని మూడేసి చొప్పున పైకి చదివేది, అతను కొట్టేవాడు. ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి ఏ ఫోనైనా చాలట, ఆవిడ కొత్త ఫోనుకు ఓటీపీ వచ్చేది, అదీ చదివేది. తెర మీద గుండ్రంగా ఏదో తిరిగి తిరిగి చివరికి ఒకే మాట వచ్చేది.

"వెరిఫికేషన్ పెండింగ్ అంటున్నాడక్కా."

"అంటే?"

"కాగితం అందింది, ఇంకా సరిచూడలేదు అని."

ఆవిడకి ఆ భాష నచ్చలేదు గానీ విషయం ఇట్టే పట్టేసింది. బట్టకు గుర్తు వేసి ఉతుకుడుకు పంపడం ఆవిడకి పుట్టినప్పటినుంచి తెలుసు. ఎవరైనా వచ్చి నా చొక్కా ఏమైందమ్మా అంటే, గుర్తు చూసి ఎక్కడిదాకా వచ్చిందో చెప్తుంది.

"నానబెట్టారు గానీ ఇంకా బండ మీదికి రాలేదన్నమాట" అంది. "పన్నెండు రోజులు నానితే బట్ట చివికిపోద్ది. చెప్పు వాళ్ళకి."

నేనూ ఆవిడతో పాటు బెంగుళూరును నాలుగు తిట్టాను. తప్పు ఎక్కడుందో నాకేం తెలుసు?

జూలై ఇరవై ఏడున తెలిసింది. ఆ రోజు వీరబాబు ఆవిడ పేరున ఉన్న మెయిల్ తెరిచి, చదివి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అక్కా, నువ్వు పంపింది జిరాక్సా?"

"మరి ఒరిజినల్ ఎవరైనా పంపుతారేంటి తమ్ముడూ?"

"ఒరిజినలే పంపాలి! సిరా సంతకం ఉన్నదే కావాలంట. జిరాక్సు చెల్లదని వెనక్కి కొట్టేశారు. ఇంక తొమ్మిది రోజులే ఉంది."

ఆ తరవాత వీరబాబు ఇంకా ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఆవిడ నన్ను చంకలో పెట్టుకుని మెట్లు దిగేసింది.

బడ్డీకి వచ్చి నన్ను బల్ల మీద పరిచింది. ఆవిడకి లోకంలో తెలిసిన మందు ఒకటే, వేడి. ముడతపడ్డ ప్రతిదాన్నీ దానితోనే దారికి తెచ్చింది. నా మీద తడిగుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టె నిప్పులు ఊది, చేతికి ఎత్తుకుంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు సన్యాసిరావు.

"ప్లాస్టిక్కు వేడితో అంటుకుంది కదా, వేడితోనే ఊడుద్ది. ఊడదీసి పంపేస్తాను."

"కాలిపోద్దే!"

"నలభై ఏళ్ళలో ఒక్క చొక్కా కాల్చానా నేను?"

కాల్చలేదు. కానీ నేను చొక్కాని కాదు. మొదటిసారి పెట్టెతో రుద్దేసరికి నా ఒంటి మీది ప్లాస్టిక్కు బుడగలు లేచింది. రెండోసారి ఒక మూల పైకి లేచింది, దాంతో పాటు నా కాగితమూ లేచింది. మూడోసారి ఆ మూల గోధుమరంగుకు తిరిగి కాలిపోయింది. నాకు చచ్చేంత భయమేసింది. అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. ఇన్నాళ్ళూ మేకుకు వేలాడుతూ ఊరంతా నన్ను చూస్తోందని మురిసిపోయాను. ఈ ఇంటి పని ఆగిపోయింది నా వల్లే. మేకుకు వేలాడటం నా పని కాదు, బయల్దేరి వెళ్ళడం నా పని. ఆ సంతకం పెట్టించుకుంది అందుకే.

ఆవిడ పెట్టె పక్కన పెట్టి, స్టూలు మీద కూలబడింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"నా పేరు మీద ఒక్కటి వేశాం. అదీ నా చేత్తోనే కాల్చుకున్నాను" అంది.

సన్యాసిరావు దగ్గరికి వచ్చాడు. నన్ను తీసుకుని, ప్లాస్టిక్కు చల్లారేదాకా ఊది, ఆవిడ చేతికిచ్చి, "పద, వీరబాబునే అడుగుదాం" అన్నాడు. నలిగిన బట్టల్తోనే ఇద్దరూ వెళ్ళారు. పట్టుచీరతో వచ్చిన దారే అది.

వీరబాబు నన్ను చూసి ముందు నవ్వాడు. ఆవిడ కళ్ళు చూసి ఆపేశాడు.

"ఇందాక చెప్పేలోపే వెళ్ళిపోయావక్కా. ఇదేమన్నా పట్టా కాగితమా ఒక్కటే ఉండటానికి? ఇంకోటి తీసిస్తాను, ఉండు."

ప్రింటరు గుర్రుమంది. నా కళ్ళ ముందే ఇంకో నేను వేడివేడిగా బయటికి వచ్చింది. అదే పేరు, అదే సున్నా, అవే పదిహేను అంకెలు. పైగా బుడగలు లేవు, కాలిన మూల లేదు. నా గర్వం అంతా అయిదు రూపాయల్లో పోయింది.

నూకరత్నం మాత్రం దాన్ని అనుమానంగా చూసింది. "ఇది ఒరిజినల్ ఎలాగవుద్ది? ఒరిజినల్ అది కదా" అని నన్ను చూపించింది. ఆ ఒక్క మాటకి ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను.

"మిషను ఎన్నయినా తీస్తుందక్కా. నువ్వు సిరాతో సంతకం పెట్టిందే ఒరిజినల్."

ఆవిడ తన వేళ్ళ వైపు చూసుకుంది. "అయితే కాగితంలో ఏం లేదు. నా చేతిలోనే ఉందన్నమాట" అంది.

ఈసారి నాలిక కొరుక్కోలేదు. గబగబా పెట్టేసింది, మెలికలన్నీ సరిగ్గా పడ్డాయి. పక్క కొట్టువాడు లామినేషన్ చెయ్యనా అని అలవాటుగా అడిగితే, ఆవిడ చూసిన చూపుకి వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కవరు అంటించి, పోస్టాఫీసులో అది బస్తాలోకి వెళ్ళేదాకా కౌంటరు దగ్గరే నిలబడింది.

నా తరవాత పుట్టిన ఆ కాగితం తమ్ముడు బెంగుళూరు వెళ్ళాడు. నేను ఇక్కడే ఉన్నాను. కానీ వాడు ఎక్కడిదాకా వెళ్ళాడో కనుక్కోవాలంటే అంకెలు కావాలి, అంకెలు నా దగ్గరే ఉన్నాయి. జూలై ముప్ఫై ఒకటిన చదివించుకున్నాను, పెండింగ్. ఆగస్టు రెండున చదివించుకున్నాను, పెండింగ్. ఆగస్టు నాలుగున, గడువు ఇంక ఒక్క రోజుందనగా, సన్యాసిరావు కూడా పని మానుకుని వచ్చాడు. ఆవిడ నన్ను చూడకుండానే పదిహేను అంకెలూ ఒప్పజెప్పేసింది. తెర మీద గుండ్రంగా తిరిగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను.

"వెరిఫైడ్!" అని వీరబాబు బల్ల గుద్దాడు.

"అంటే ఉతికారా?"

"ఉతికారు, జాడించారు, దండెం మీద ఆరేశారు కూడా అక్కా!"

ఆవిడ భర్త భుజం మీది తువ్వాలు లాక్కుని మొహం తుడుచుకుంది.

మర్నాడు ఆసుపత్రి మేనేజరు వెరిఫైడ్ అని ఉన్న ఆ తెర బొమ్మ ప్రింటును అర నిమిషం కూడా చూడలేదు. 'సరేనమ్మా, ఒకటో తారీఖు నుంచి రండి' అని ఫైల్లో పడేశాడు. నెలరోజుల మా యాతనకు ఆ మహానుభావుడు ఇచ్చిన విలువ అంతే. పని మాత్రం ఇచ్చాడు. రేవళ్ళ నూకరత్నం పేరు మీదే ఇచ్చాడు.

ఇక నా సంగతి. మళ్ళీ మేకు ఎక్కిస్తుందేమో అనుకున్నాను, ఎక్కించలేదు. ఆసుపత్రి వాళ్ళకు దిండు గలీబులన్నీ ఒకే కొలతకు మడత పడాలి, బీరువాలో వరసగా నిలబడాలి. మధ్యలో పెట్టి మడవడానికి గట్టి అట్ట ఏదైనా ఉందా అని ఆవిడ బడ్డీ అంతా వెతికింది. చెయ్యి నా మీద పడింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. బుడగలున్న వైపు కిందికి పెట్టి ఒక గలీబు మడిచింది. కొలత అతికినట్టు సరిపోయింది.

అప్పటినుంచి నాకు చేతి నిండా పని. రోజుకు ఎనభై గలీబులు నా చుట్టూ మడతపడతాయి. ఎనభై సార్లు నన్ను బయటికి లాగుతుంది, ఎనభై సార్లు ఆవిడ సంతకం ఆవిడ కళ్ళ ముందు మెరుస్తుంది. తడి తగిలినా నాకు ఏమీ కాదు, ఒంటి మీద ప్లాస్టిక్కు ఉంది కదా. మేకుకు వేలాడిన రోజుల్లో నన్ను చూసినవాళ్ళు ఎక్కువ. ఇప్పుడు నాతో పని ఉన్నవాళ్ళు ఉన్నారు. ఏది గొప్పో నేను చెప్పక్కర్లేదు.

ఈ మధ్యే మళ్ళీ జూలై వచ్చింది. ఆవిడ నెట్ సెంటరుకు వెళ్ళి వచ్చింది, మామూలు నూలు చీరతోనే. చేతిలో కాగితం లేదు.

"ఒరిజినల్ ఏదే?" అన్నాడు సన్యాసిరావు.

"పంపేశాను."

"ఒకవేళ దారిలో పోతే?"

"పోతే ఇంకోటి తీయించి మళ్ళీ సంతకం పెడతాను. నా సంతకమే కదా" అని, ఆవిడ నన్ను తీసి ఆ రోజు మొదటి గలీబులో పెట్టింది.