అండాలమ్మ నోరు

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎర్రబడేదాకా విసిరి, చెంగుతో మొహం తుడుచుకుని, అండాలమ్మ పక్కింటి లాయరుగారి ప్యాంటు బల్ల మీద పరిచింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. కరెంటు ఇస్త్రీవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటే, కొత్తపేటలో ఆ గల్లీ బట్టలన్నీ ఈమె దగ్గరికే వచ్చిపడ్డాయి. అందుకని హుషారుగానే ఉంది. ముంజేతి మీద పాత వాతలు, మసి ఇంకిన వేళ్లు, దవడలో వక్కపలుకు. ఇక ఆ నోరు! పెళ్లిలో పప్పు ఎలా ఉందని అడిగినా, మాడితే మాడిందనే చెప్పి వస్తుంది.

బల్ల ఉన్నది జోగారావు ఇంటి మెట్ల కింద. ఆయన కోస్తా నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ జాగాకు ఏనాడూ కిరాయి అడగలేదు. గొడవలకు భార్య భయపడుతోందని ఇప్పుడు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఇల్లు చేతులు మారితే తన నీడ పోతుందని అండాలమ్మకు బాగా తెలుసు.

ఆ పొద్దున ఎల్‌బీ నగర్ నుంచి చక్రపాణి అనే ఆయన, బ్రోకరు పంపితే, ఇల్లు చూడవచ్చాడు. అంతా చూసి దిగుతూ ఆమె దగ్గర ఆగాడు.

"నీళ్లు మంచిగొస్తయా అమ్మా?"

"యాడ? ఎండకాలం బోరు ఎండుతది. వానొస్తే గీడ మోకాలి లోతు నిలుస్తయి."

జోగారావు పైనుంచి ఇదంతా విన్నాడు. చక్రపాణి వెళ్లగానే గబగబా దిగాడు.

"అలా చెప్పేశావేంటి అండాలమ్మా? మేం వెళ్లడం ఇష్టం లేకా?"

"ఇష్టం లేదు సారూ. గని అందుకు చెప్పలే. ఆయన అడిగిండు, చెప్పిన."

ఆయనకు కోపం నిలవలేదు. "నీలాంటి వాళ్లని ఇంగ్లీషులో క్యాండిడ్ అంటారు. లోపల ఏదుంటే పైకి అదే అనేవాళ్లని. తెలుపు అని అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టింది. పూర్వం రోములో ఓట్లడిగేవాళ్లు తెల్లబట్టలు కట్టేవారు. క్యాండిడేట్ అన్న మాటా అలా వచ్చిందే."

"ఓట్లడిగెటోళ్లా? గాళ్లు ఎన్నడన్న నిజం చెప్పిన్రా?"

జోగారావు పొట్ట పట్టుకుని నవ్వాడు.

సాయంత్రం చక్రపాణి భార్యను తీసుకుని మళ్లీ వచ్చాడు. "చెడ్డంత ఈమెనే చెప్పింది గద సార్, ఇగ దాచేదేం లేదు. తీసుకుంటం. మెట్ల కింద బండ్లు పెట్టుకుంటం" అన్నాడు. ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది. బట్ట కాలుతుందని అండాలమ్మ మళ్లీ కదిలించింది.

"నీ నీడ నువ్వే పోగొట్టుకున్నావు కదమ్మా" అని జోగారావు నొచ్చుకున్నాడు.

"ఎదురు గోడకాడ జాగుంది సారూ. పరదా కట్టుకుంట."

బస్సులు మళ్లీ తిరిగాక ఒక ఉదయం సామాను లారీ ముందు కదిలింది. భార్యను ఆటోలో కూర్చోబెట్టి, జోగారావు గోడ దగ్గరికి వచ్చాడు. అండాలమ్మ ముక్కు చీదింది.

"మీరు పోతుంటె ఏడుపొస్తుంది సారూ. గని మా తెలంగాణ మాకు రావాలె."

"రెండూ నమ్ముతానమ్మా" అన్నాడాయన. కళ్లు తుడుచుకుని ఆటో ఎక్కాడు.

ఆటో మలుపు తిరిగింది. అండాలమ్మ చొక్కా అందుకుని పరిచింది. చక్రపాణికి అందజేయమని, బ్రోకరు చెయ్యి చాచినా ఇవ్వకుండా, జోగారావు ఆమెకే అప్పగించిన ఇంటి తాళాల గుత్తి బల్ల మూల మీద ఉంది.