సెకనుకు వెయ్యి బొమ్మలు

శుక్రవారం కావడంతో కాలేజీ మైదానం దొరకలేదు. అరకు సంతకు వచ్చిన జీపులు, ఆటోలు దాని నిండా నిలిచాయి. అందుకని నరేష్ తన కెమెరాను ఊరి అవతల, కాఫీ తోటల మధ్య నుంచి దిగే రోడ్డు పక్కన బిగించాడు. మంచు విడిచేదాకా ఆగాలన్నాడు. సెకనుకు వెయ్యి బొమ్మలు తీసే కెమెరా అది. మామూలు ఫోటోకు సరిపోయే వెలుతురు దానికి చాలదు.

బేబి రోడ్డు మీద నిలబడి అరచేతులు రుద్దుకుంటోంది. ఆమెది నడక పందెం, రేస్‌వాక్. అందులో నియమాలు రెండే. ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకింది మొదలు, ఒళ్లు దాని మీదికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. తప్పుంటే జడ్జీలు కంటితో చూసి ఎర్ర కార్డు రాస్తారు; మూడు పడితే పందెం నుంచి తీసేస్తారు. జిల్లాలో గానీ రాష్ట్రంలో గానీ బేబికి ఎవరూ కార్డు రాయలేదు. రాష్ట్ర పోటీల్లో రెండో స్థానం వచ్చింది.

ఆమెను చూడడానికే విశాఖపట్నంలోని ఒక అకాడమీ నుంచి కోచ్ సర్వేశ్వరరావు, వీడియో తీసే నరేష్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. అక్కడ నడకకు ఒక సీటు ఖాళీగా ఉంది. బేబి ఇంటర్ అయిపోయింది. హాస్టల్ ఖాళీ చేసేసింది. వచ్చే ఏడాదికి అకాడమీ పెట్టిన వయసు దాటిపోతుంది. సీటు వస్తే మైదానం, తిండి, పోటీలు. రాకపోతే కొండ మీద ఇల్లు, కాఫీ పళ్ల కోత.

"ఓలె, కెమెరా వైపు సూడకు. రోడ్డు సూసి నడు," అన్నాడు ఫల్గుణ. ఆశ్రమ పాఠశాలలో ఆటల మాస్టారు. బేబికి ఈ నడక నేర్పింది ఆయనే.

"నానెక్కడ సూత్తన్నాను మాస్టారూ? అదే నన్ను సూత్తాంది."

నరేష్ నవ్వాడు. ఎండ వచ్చాక ఆమెను పై మలుపు నుంచి నడవమన్నాడు. బేబి దిగువకు నడిచి కెమెరాను దాటింది. దాటాకే అతను మీట నొక్కాడు.

"అయ్యో, నానెల్లిపోయాను గదా?"

"ముందు జరిగింది కూడా ఇందులో ఉంటుందమ్మా. నొక్కినప్పటి నుంచి వెనక్కి దాచుకుంటుంది."

రెండు సెకన్ల నడక తెర మీద నిమిషం దాటి సాగింది. బేబి తన కాలును తానెప్పుడూ అలా చూసుకోలేదు. మడమ నేలకు దిగుతోంది, దుమ్ము లేస్తోంది, గింజ గింజ వేరుగా కనిపిస్తోంది. మడమ ఆనినప్పుడు మోకాలు కొంచెం ముందుకు వంగి ఉంది. ఒళ్లు దాని మీదికి వచ్చాక గానీ తిన్నగా కాలేదు.

సర్వేశ్వరరావు మళ్లీ వేయమన్నాడు. మళ్లీ చూశాడు.

"వంగుతోంది," అన్నాడు.

"దిగువ గదండీ," అన్నాడు ఫల్గుణ. "దిగువలో ఎవులికైనా వంగుతాది. ఈ రోడ్డు మీద తియ్యడమే తప్పు. రేపు మైదానంలో తీద్దారి."

ఆ రోడ్డు దగ్గరికి తీసుకెళ్లింది ఫల్గుణే. తోటలు బాగా పడతాయని నరేష్ అంటే సరేనన్నాడు. ఆ సాయంత్రం బేబిని జీపు ఎక్కిస్తూ మూడుసార్లు ఆ మాటే అన్నాడు. నాదే తప్పు, దిగువలో తీయించాను.

మర్నాడు మైదానంలో సంత చెత్త ఊడ్చి, సున్నంతో గీత గీశారు. బేబి గీత మీద నడిచింది. ప్రతి అడుగుకూ మోకాలు బిగబట్టింది. బిగబట్టానని ఆమెకు తెలుస్తూనే ఉంది. తెర మీద మాత్రం గాలిలో తిన్నగా వచ్చిన కాలు, మడమ నేలను తాకే ముందు సడలింది. నిన్నటంత కాదు. అయినా సడలింది.

"నాను ఒంచనేదు సార్."

"నువ్వు వంచలేదమ్మా. అదే వంగుతోంది."

బేబికి తల్లి గంగ మాట గుర్తొచ్చింది. నెత్తిన కట్టెల మోపుతో కొండ దిగుతుంటే వెనక నుంచి అరిచేది: మోకాలు బిగబెట్టకే గుంటా, దొల్లిపోతావు, వదులుగా ఎట్టు. నడక వచ్చిన దగ్గర్నుంచి విన్న మాట. తల్లి అరవడం మానేసి చాలా ఏళ్లయింది. అరవాల్సిన అవసరం లేకపోయింది.

"ఇంకోపాలి నడుత్తాను," అంది.

ఈసారి కాలు కర్రలా పెట్టి నడిచింది. తెర మీద మోకాలు తిన్నగా ఉంది. ఫల్గుణ చేతులు రెండూ పైకెత్తాడు. సర్వేశ్వరరావు గడియారం చూపించాడు. ఆ వేగంతో నడిస్తే జిల్లాలో కూడా చివరిదే.

"వేగంగా నడిపించండి," అన్నాడు.

వేగం పెంచింది. వంగింది. తగ్గించింది. తిన్నగా అయింది. పెంచింది. వంగింది. నరేష్ ఒక్కో దాని తర్వాత తెర తిప్పి చూపించాడు.

"పందెంలో కెమెరా పెట్టరు గదండీ," అన్నాడు ఫల్గుణ. "జడ్జీలు కంటితోనే సూత్తారు. ఒక్క కార్డు ఎవులూ రాయనేదు. రాట్రంలోనూ రాయనేదు, ఏటండీ మీరు?"

"పై పోటీల్లో రాస్తారు మాస్టారూ. అక్కడ కూర్చునేవాళ్లు దానికోసమే చూస్తారు. పదేళ్లప్పుడు దొరికితే మార్చేవాణ్ని. ఇప్పుడు కాలు మారేసరికి వయసు దాటుతుంది."

"మీరు ఆ మిసన్లో సూసేరు కాబట్టి అంటన్నారు."

"ఒకసారి చూశాక మామూలు కంటికీ కనిపిస్తుంది. మీరే చూడండి."

బేబి మళ్లీ గీత చివరికి వెళ్లింది. ఎవరూ వెళ్లమనలేదు. నరేష్ కెమెరా మూత పెట్టేశాడు. ఫల్గుణ ఒక్కడే గీత పక్కన నిలబడ్డాడు. ఆమె తన పూర్తి వేగంతో, రాష్ట్రంలో నడిచినట్టే నడిచి ఆయన ముందు నుంచి వెళ్లింది. వెళ్తూ ఆయన ముఖం చూసింది. ఆయన ఆమె మోకాలు చూస్తున్నాడు. తర్వాత చూపు తిప్పి, మెడలోని విజిల్‌ను చొక్కా లోపలికి వేసుకున్నాడు.

"ఏటి మాస్టారూ?" అంది తిరిగి వచ్చి.

"ఏటీ నేదే. బాగుంది."

"కనిపించిందా?"

ఆయన వంగి సున్నం బకెట్టు అందుకున్నాడు.

సామాను పెట్టెల్లో సర్దుతుండగా సర్వేశ్వరరావు బేబి దగ్గరికి వచ్చాడు. సీటు ఇవ్వలేమని చెప్పాడు. ఆమె తలూపింది.

"ఈ నడక వీడియో మా దగ్గర ఉంచుకోవచ్చా అమ్మా? కొత్తగా చేరే పిల్లలకు చూపించడానికి. తప్పు ఎలా ఉంటుందో ఇంత స్పష్టంగా ఎక్కడా దొరకదు."

ఫల్గుణ బకెట్టు కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"నా మొకం పడతాదా సార్?"

"లేదమ్మా. నడుం కిందికే."

"పేరు సెప్తారా?"

"చెప్పం."

బేబి వంగి బూట్ల తాళ్లు విప్పుకుంది.

"అయితే ఉంచుకోండి సార్," అంది. "నిన్న దిగువలో తీసింది ఉంచండి. అందులో బాగా తెలుత్తాది."