కిటికీ పక్క సీటు

చెవుడున్న తండ్రిని బస్సులో సుఖంగా ఎలా తీసుకెళ్ళాలో నవీన్‌ను చూసి నేర్చుకోవాలి! విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో రాజాం బస్సులు రెండు వదిలేశాడు. వాటిలో నిలబడ్డానికి చోటుంది గానీ కిటికీ పక్క సీటు లేదు. మూడో బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టాడు. తండ్రి ఎలీషాను చెయ్యి పట్టుకుని ఎక్కించి, ఆయన చెవిలోని మిషను తీసి తన జేబులో వేసుకున్నాడు.

"బస్సు గోలకి తలనొప్పొస్తాది నాన్నా. ఆయిగా కూకో" అని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. పక్కసీట్ల వాళ్ళు ఎంత మంచి కొడుకో అన్నట్టు చూశారు.

ఎలీషాకు హాయి అక్కర్లేదు. నిలబడైనా, మెట్టు మీద వేలాడైనా రాజాం చేరాలి. తెల్లవారుజామున అక్క ఏసమ్మ పోయింది. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పెట్టె మూసేలోపు ఆ మొహం ఒక్కసారి చూడాలి, అంతే. మూతేసి మేకులు కొట్టాక ఇంకేం చూస్తాడు? మొదటి బస్సు వెళ్ళిపోతుంటే "ఎక్కీద్దాంరా" అని మొత్తుకున్నాడు కూడా. కొడుకు వింటేనా!

గరివిడి దాటాక నవీన్ ఫోను వెలిగింది. చేసింది ఏసమ్మ కూతురు షాలిని. సరిగా వినబడలేదేమో, లేచి వెళ్ళి డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని, జనం వైపు తిరిగి మాట్లాడసాగాడు.

ఎలీషా ఒకప్పుడు జూట్ మిల్లులో మగ్గం నడిపినవాడు. ఆ హోరులో నోటిమాట ఎవడికి వినబడుతుంది? అక్కడ అందరూ ఒకరి పెదాలొకరు చూసుకునే మాట్లాడుకునేవారు. షెడ్డు ఆ చివరినున్నవాడు మేస్త్రీని తిడితే ఈ చివరినున్నవాడు పడిపడి నవ్వేవాడు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చెవిటి ముసలాడి ఎదుట ఏం మాట్లాడితే ఏమిటనుకున్నారు.

నవీన్ పెదాలు కదిలాయి. "మబ్బు పట్టీసిందా? పాస్టరుగారు తొందరపడతన్నారా? మా కోసం ఆగొద్దు షాలినీ, మేం ఇంకా సీపురుపల్లి కూడా రానేదు. పెట్టి మూసీండి. నాన్నకి నేను సెప్పుకుంటాన్లే."

ఎలీషాకు ఒళ్ళు మండిపోయింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి కొడుకు చేతిలోని ఫోను లాక్కున్నాడు.

"ముయ్యకండి! ఒసే షాలినీ, నేనే, మీ మావని! వస్తన్నాను! వానొస్తే పెట్టి సావిట్లోకి లాగీసి ఉంచండి. మా అక్క మొకం సూడాల, ముయ్యకండే!"

బస్సు బస్సంతా అటే చూసింది. డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. ఎలీషా ఫోను చెవికి నొక్కి పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఫోనుకు పెదాలుండవు గదా! దాన్ని కొడుక్కి ఇచ్చేశాడు.

"ఏటంతందిరా? అడుగు."

నవీన్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు తలూపాడు. సిగ్గుతో మొహం కందగడ్డయిపోయింది. "ఆగుతారంట. ఎల్లి కూకో నాన్నా" అన్నాడు.

ఎలీషా నమ్మాడు. ఎందుకు నమ్మడు, కన్నకొడుకాయె! సీట్లో కూలబడి, "సల్లగుండ్రా నాయనా" అన్నాడు. మిగతా దారంతా అక్కను తలుచుకుని నిశ్శబ్దంగా ఏడ్చాడు.

వాళ్ళు చేరేసరికి రాజాంలో వాన వెలిసింది. ఇంటి దగ్గర ఎవరూ లేరు. సమాధుల దగ్గర తడి మట్టిదిబ్బ మీద బంతిపూలు అంటుకుపోయి ఉన్నాయి. షాలిని ఎదురొచ్చి ఆయన్ని పట్టుకుని భోరుమంది.

"ఆగుతానన్నావు గదే!" అన్నాడు ఎలీషా.

షాలిని తెల్లబోయింది. "నేనా? ఎవులితో అన్నాను మావయ్యా?"

"మీ బావతోనే. నేను బస్సులోంచి అంత కేకేసేను గదా!"

"నీ గొంతు నేను ఇననేదు మావయ్యా. బావ మూసీమన్నాడు, ఫోను కట్టీసేడు. అంతే. మళ్ళీ సెయ్యనేదు. ఒక్క మాట సెప్పుంటే సీకటి పడేదాకా ఆగుదుం."

ఎలీషా ఆమె పెదాలు చూశాడు. ఏ ముక్కా తప్పిపోలేదు. కొడుకు వైపు తిరిగాడు.

"నువ్వలా అరుస్తంటే అందరూ మననే సూస్తన్నారు నాన్నా. మళ్ళీ ఫోను సేస్తే ఇంకా అరుస్తావని... నువ్వు సుకంగా వస్తావని అలాగన్నాను," అని నసిగాడు నవీన్.

ఎలీషా మట్టి పక్కన చతికిలబడి, దాని మీద రెండు చేతులూ ఆనించాడు.

"అందరూ నన్ను సూస్తే ఏటైపోద్దిరా? నేను సూడాల్సిన మొకం ఒక్కటే. దాని మీద మట్టేయించీసేవు."