సాగనంపే మాట

కెమెరా ముందు శోకం చివరిదాకా పెట్టడమే అప్పలకొండ చేసిన తప్పు.

అప్పటికి ఆమె మొగుడు తవిటయ్య రైల్వే వర్కుషాపులో రెండు వ్యాగన్ల మధ్య నలిగి చచ్చిపోయి రెండేళ్ళు. రోజూ మధ్యాహ్నం సైరను మోగేసరికి ఆమె అన్నం క్యారేజీ తెచ్చి గేటు పక్క గోడ మీద పెట్టేది. పావుగంట ఆగి ఖాళీ క్యారేజీ తీసుకెళ్ళేది. మూతలో నమిలిన మునక్కాడ పిప్పి ఉండేది.

"ఏటే, ఈయేల తిన్నాడా?" అనడిగేది వరసకి అత్తయ్యే జోగమ్మ. ట్రాఫిక్ కాలనీలో ఆమె క్వార్టరు వెనక వరండాలోనే అప్పలకొండ ఉండేది.

"కాకరకాయ ముట్టలేదత్తా."

"బతికున్నపుడు ముట్టినాడేటి!"

మనిషి పోయిన పదోనాడు ఆడవాళ్ళంతా కూర్చుని శోకం పెడతారు. ఆఖరున "నీ దారిన నువ్వెల్లు" అన్న మాట పెళ్ళామే అనాలి. ఆ రోజు అప్పలకొండ ఆ మాట మింగేసింది. అందుకే తవిటయ్య వెళ్ళలేదు. అతని ఉద్యోగం ఆమెకిస్తామని ఆఫీసు నుంచి రెండుసార్లు కబురొచ్చింది. "మనిషి డ్యూటీకి వత్తంటే ఆ జాగాలో నేనెలా సేరతాను?" అని, పక్కనున్న ఇందా పేటలో నాలుగిళ్ళ అంట్లు తోముకుంటూ బతికింది.

అరవై మూడులో దేశదేశాల వింత ఆచారాలని సినిమా తీసే దొరలు జీపులో దిగారు. ఆమె జుట్టు విరబోయించారు, ఒళ్ళంతా బూడిద పూశారు. ఎక్కడిదో పుర్రె తెచ్చి క్యారేజీ పక్కన పెట్టారు.

"అదెవులిది నాయినా?" అంది జోగమ్మ. "మా తవిటయ్యకి తలే మిగల్లేదు."

దొరల వెంట వచ్చిన కలకత్తా బాబు అప్పలకొండకి నచ్చజెప్పాడు. "ఈ కెమెరా మిషన్లో మీ ఆయన బొమ్మ పడుతుంది దీదీ. తెర మీద చూసుకోవచ్చు."

రెండేళ్ళుగా ఆమె చూసింది మునక్కాడ పిప్పే. ఒప్పుకుంది.

ఒకసారి ఏడిస్తే చాలలేదు. దొర ఇంకా ఇంకా అని చెయ్యి ఊపాడు. మూడోసారికి ఏడుపు ఆమె చేతిలో లేదు. రెండేళ్ళ నాడు మింగిన మాట బయటికొచ్చేసింది. దొర చప్పట్లు కొట్టాడు. జోగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు క్యారేజీ పెట్టింది పెట్టినట్టే ఉంది. అన్నం చల్లారింది, చీమలు పట్టాయి. ఆమె కదల్లేదు. ఇంతలో జీపు మళ్ళీ వచ్చింది.

"మిషన్లోకి గొంతు ఎక్కలేదు దీదీ. ఇంకొక్కసారి. ఆఖరి మాట గట్టిగా."

"మా ఆయన పడ్డాడా?"

కలకత్తా బాబు తల దించుకున్నాడు. "రాత్రికి రాత్రే కలకత్తాలో రీలు కడిగించి చూశాం. గోడే పడింది."

అప్పలకొండ చీమలు దులిపి, గోడెక్కి కూర్చుని క్యారేజీ విప్పింది. కాకరకాయతో సహా అంతా తినేసింది.

"ఎల్లిపోనాడు బాబూ. ఇంకెవుల్ని ఎల్లమని ఏడవను?"

మర్నాడే ఆఫీసుకెళ్ళి తవిటయ్య నంబరున్న ఇత్తడి హాజరు బిళ్ళ తీసుకుని అతని ఉద్యోగంలో చేరింది. రిటైరయ్యేదాకా సైరను మోగితే ఆ గోడ మీదే కూర్చుని తన అన్నం తనే తిన్నది. మళ్ళీ ఎవరి శోకంలోనూ నోరు విప్పలేదు, జోగమ్మ పోయిన నాడు కూడా.