నలభయ్యో ఇల్లు

వేలిముద్రల యంత్రాన్ని తువ్వాలలో చుట్టి, గొడుగు చంకన పెట్టుకొని కైలాసం అప్పటికే సగం గుట్ట ఎక్కాడు. దుకాణం గడప నుంచి పైబండ దాకా నాలుగు వందల పన్నెండు అడుగులు. వానాకాలం పాకుడు తప్పించుకోవడానికి ఇంకో ముప్పై. ఏడేళ్లుగా ప్రతి నెలా మొదటి వారం ఇదే నడక. ఊళ్లో రేషన్ దుకాణం ఆయనది, సిగ్నల్ మాత్రం గుట్టది. కింద ఎంతసేపు పెట్టినా పలకని యంత్రం బండమీద పెడితే దారికొస్తుంది. అందుకని ఊరంతా గుట్టెక్కి, వేలు పెట్టి, చీటీ తీసుకొని దిగి, మధ్యాహ్నం బియ్యం పట్టుకుపోతుంది.

అరవై ఒక్కేళ్ల మనిషి. పొట్టి, గట్టి ఒళ్లు. బస్తాలు మోసిన ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. ఏ పనికైనా ఎంత పోతుంది, ఎంత వస్తుంది అని చూసుకోనిదే అడుగు వేయడు. ఆ చూపు ఒక్కసారే తప్పింది.

మూడేళ్ల కింద, ఇంటర్నెట్ తీగ ఏయే ఊళ్లకు వేయాలో రాసుకోవడానికి సర్వే మనిషి వచ్చాడు. మీ ఊళ్లో సిగ్నల్ ఉందా అని అడిగాడు. వచ్చినవాడి ముందు ఊరిని తక్కువ చేసుకోవడం ఇష్టం లేక కైలాసం అతన్ని గుట్ట ఎక్కించి, బండమీద నిలబెట్టి, ఫోన్లో నాలుగు గీతలూ చూపించి, చాయ్ తాగించి పంపాడు. ‘ఉంది’ అని రాసుకొని పోయాడతను. ఆ ఏడు తీగ పక్కూరి పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి ఇక్కడికి అరవై నాలుగు స్తంభాలు కావాలి. ఎడ్లబండి బాట వెంట కైలాసం తానే నడిచి కొలిచాడు.

ఇప్పుడు మెట్‌పల్లి తీగల ఆఫీసరు ఒక దారి చెప్పాడు. నలభై ఇళ్లు కనెక్షన్ తీసుకుంటామని కాగితం మీద వేలిముద్రలు వేస్తే ఊరిని ఈ ఏటి ప్లానులో పెడతారు, స్తంభాల ఖర్చు సర్కారు నిధుల్లోంచి వస్తుంది. మనుషులు ఉంటున్న ఇళ్లే లెక్క, వచ్చి చూసుకుంటారు. ఊళ్లో ఇళ్లు నలభై మూడు. మూడింటికి తాళాలు. ఇప్పటికి ముప్పై తొమ్మిది ముద్రలు పడ్డాయి. రేపే గడువు. మిగిలింది సారక్క ఇల్లు.

బండమీద ఇరవై మంది దాకా చేరారు. గొర్లు కాసే రాజలింగు చీటీ కోసం చెయ్యి చాపి నవ్వాడు.

“సేటూ, గీ బండకు సున్నమేసి గుడి కడ్తం. నిన్నే పూజారిని చేస్తం. గా సర్వే పిలగానికి చాయ్ తాపినందుకు నైవేద్యం సుత చాయే.”

“ముందు వేలు సక్కగ పెట్టు. యంత్రం కన్న నీ నోటికే సిగ్నలెక్కువ.”

అందరూ దిగిపోయాక సారక్క వచ్చింది. ఎప్పుడూ చివరనే వస్తుంది. నలభై ఏళ్లు తునికాకు చుట్టి చుట్టి, బీడీ అంచులు నొక్కి నొక్కి ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. నాలుగైదు సార్లు పెడితే గాని యంత్రం పట్టదు. తన వెనక ఎవరూ కాచుకొని ఉండకూడదని ఆమె ఉద్దేశం. బండ పగులులో దాచిన గోనెసంచిని కైలాసం నాలుగు మడతలు పెట్టి పరిచాడు. ఆమె మోకాళ్లు పట్టుకొని దానిమీద కూర్చుంది.

యంత్రం అద్దం తుడిస్తే ఆమె వేలు మొదటిసారే పడుతుందని కైలాసానికి తెలుసు. ఏడేళ్లలో ఆమె వంతు వచ్చినప్పుడు ఒక్కసారీ తుడవలేదు. నెలకొక పావుగంట.

“మెట్‌పల్లికి పోతున్న సేటు, మా చెల్లె దగ్గరికి,” అంది సారక్క.

“ఎన్నొద్దులు?”

“ఒద్దులేంది? ఇగ ఆడ్నే. గీ గుట్టెక్కుడు నాతోని అయితలేదు. ఆడ దుకాణంలనే ఏలు పడ్తదట, బియ్యం ఇస్తరట.”

ఏ దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చని ఊరందరికీ చెప్పింది కైలాసమే.

“తీగ వస్తే నువ్వు గుట్టెక్కుడుండది. నా అరుగు మీదనే కూసుండి...”

“ఎన్నడొస్తది?”

ఆర్నెల్లు అనాలనిపించింది. ఫైలు కదలాలి, టెండరు పడాలి, స్తంభాలు రావాలి.

“ఏడాదిన్నర.”

“గన్నొద్దులు నా మోకాళ్లు ఆగయి.” ఆమె చెయ్యి చాపింది. “గా కాయితం ఇటు తే. ఏలేసి పోత.”

కైలాసం సిరా డబ్బా తెరిచాడు. ఆమె వేలి వైపు చూసి మళ్లీ మూశాడు.

“తాళమేసిన ఇల్లు లెక్కకు రాదు సారక్కా. లేనిది ఉన్నదని చూపెట్టే ఒకపారి మునిగినం.”

“ఒక్క ఏలుకు ఊరందరి తీగ పోగొడ్తవా?”

“నువ్వుంటనను. ఇప్పుడే ఏయించుకుంట.”

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. కొంగు సర్దుకుంది. కింద ఎర్రమట్టి బాట వైపు చూస్తూ, “రెండు గంటలకు ఆటో ఉన్నది సేటు,” అంది.

కైలాసం తువ్వాల అంచుతో యంత్రం అద్దాన్ని మెల్లగా తుడిచాడు. ఆమె వేలు పెట్టింది. వెంటనే పచ్చలైటు వెలిగింది.

“అరె, ఇయ్యాల ఒక్కపారికే పట్టింది!”

“మబ్బు లేదు గద. సిగ్నల్ మంచిగున్నది.”

మధ్యాహ్నం ఆమె మూటలో ఆరు కిలోల సన్నబియ్యం తూచి పోశాడు. ఆటో మలుపు తిరిగేదాకా తక్కెడ పళ్లెం ఊగుతూనే ఉంది. రేపు ముప్పై తొమ్మిదితోనే మెట్‌పల్లి పోవాలి. ఒకటి తక్కువకు బేరం కుదురుతుందేమో అడగాలి. కుదరకపోతే మళ్లీ వచ్చే ఏడు.

సాయంత్రం గోదాముకు తిరిగి పంపాల్సిన ఖాళీ సంచులు లెక్కపెట్టి కట్టలు కట్టాడు. ఒకటి తగ్గింది. ఏడేళ్లుగా ఆ ఒక్కటీ తగ్గుతూనే ఉంది. ఇక దాన్ని తెచ్చి కలిపేయొచ్చు. గుమ్మంలో నిలబడి గుట్ట వైపు కాసేపు చూశాడు. లోపలికి వచ్చి, ఎప్పటిలాగే ‘చినిగినది ఒకటి’ అని రాశాడు.

పైన, వేడి తగ్గని బండమీద, నాలుగు మడతల గోనెసంచి నడుమ ఒక మనిషి కూర్చున్నంత గుంటతో అలాగే ఉంది.