నీళ్లతో రాసే గోడ

నా బావమరిది ఇళ్లకు రంగులు వేస్తాడు. నలభై దాటాయి, చదవలేడు. చిన్నప్పుడు బళ్లో వేశారు, కొట్టారు, మానేశాడు. వాడి అక్క, అంటే నా భార్య, బతికున్నంతకాలం రోజూ పొద్దున్నే పని కాగితం చదివి వినిపించేది. ఏ గదికి ఏ రంగు, ఎన్ని కోటింగులు అని. ఒక్కసారి వింటే వాడికి చాలు. అందుకే ఎవరికీ తెలియలేదు.

ఆవిడ పోయాక, వంటగదికి చెప్పిన ముదురు పసుపు తీసుకెళ్లి పడకగదికి వేశాడు. ఆ ఇంటి ముసలావిడ, "గుడ్డు సొనలో పడుకున్నట్టుంది నాయనా" అంది. దాంతో గుట్టు రట్టయింది.

కాంట్రాక్టరు జాలిపడే రకం కాదు. ఉన్నది చెప్పాడు.

"మేస్త్రీ మానేస్తున్నాడు. పనితనం చూస్తే ఆ చోటు నీదే. కానీ కాగితం చదవలేనివాడికి మనుషుల్ని ఎలా అప్పగించను? కొత్త ఆసుపత్రికి రంగులు మొదలెట్టే రోజు కాగితం నీ చేతికే ఇస్తా. చదివితే మేస్త్రీవి. లేకపోతే ఆ నిచ్చెనే నీకు గతి."

సైకిల్ షాపు మీది గదిలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి ఉంది. చదువు సులువుగా అంటనివాళ్ల కోసమే పెట్టారు. ఒంటరిగా వెళ్లనని నన్ను లాక్కుపోయాడు.

టీచరు చిన్నపిల్ల. వాడి చేత కాసేపు చదివించింది. "తెలివికేం లోటు లేదు. అక్షరాలు ఈయన కంటికి కుదురుగా నిలబడవు, అంతే" అంది.

"నిలబడకపోతే నిలబెట్టాలి. మా ఊళ్లో బెత్తం ఉండేది" అన్నాను.

"ఆ బెత్తంతో మీరు ఎంతవరకు చదివారు బాబాయ్ గారూ?"

"ఐదు."

బావమరిది పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ఆవిడ ఒక అట్టముక్కలో సన్నటి కిటికీ కోసింది. పుట మీద పెడితే ఒక్క మాటే కనబడుతుంది, మిగతా గుంపంతా దాక్కుంటుంది. నీతికథలు పక్కన పెట్టి వాడి పనిలో మాటలే ఎత్తుకుంది: వరండా, కిటికీ, నీలం, తెలుపు. రోజుకు కొంచెమే. నిన్నటిది వాడే తిరిగి ఆవిడకు చెప్పాలి, ఆ తర్వాతే ఇవాళ్టిది.

వాడు తడబడినప్పుడల్లా నేను అరిచేవాణ్ణి. "ఒరేయ్, ఇప్పుడేగా చెప్పింది! బుర్రలో ఏముందిరా, సున్నమా?"

టీచరు ఓపిక పట్టి పట్టి చివరికి తలుపు చూపించింది. "మీరు అరుస్తుంటే ఈయనకు వచ్చింది కూడా పోతోంది. బయట బెంచీ మీద కూర్చోండి."

కూర్చున్నాను. బయట డాబా, దాని మీద మెట్లగది గోడ, గోడకు సాయంత్రపు ఎండ. కాసేపటికి ఇద్దరూ అక్కడికే వచ్చారు. వాడి చేతిలో వాడి వెడల్పు బ్రష్షు, ఆవిడ చేతిలో నీళ్ల బకెట్టు.

"కాగితం మీద మీ వేళ్లు బిగుసుకుపోతున్నాయి. అలవాటైన పనే చేద్దాం. నోటితో పలుకుతూ, చెయ్యంతా తిప్పుతూ, గోడంత అక్షరాలు రాయండి."

"తప్పొస్తే?"

"ఎండిపోతుంది."

రాశాడు. తప్పొచ్చింది. ఎండిపోయింది. మళ్లీ రాశాడు. ఈసారి కన్ను పట్టుకోలేనిది భుజం పట్టుకుంది.

"బావా! వచ్చిందే!" అని వీధంతా వినబడేలా కేకేశాడు. మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

బళ్లో నా తప్పులు అలా ఎండిపోలేదు, బెత్తం దెబ్బలై వేళ్ల కణుపుల మీద మిగిలాయి. మా మేష్టారిని మరోసారి తిట్టుకున్నాను. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా తిట్టుకున్నాను.

అప్పట్నుంచి మా ఇంటి ముందుగది గోడ వాడి పలక అయింది. బకెట్టు నింపడం, నోరు మూసుకోవడం నా పనులు. రెండోది కష్టం.

ఆసుపత్రి రోజు నన్నూ రమ్మన్నాడు. తోడుకా అని అడిగితే, "కాదు బావా, బకెట్టు మొయ్యడానికి" అన్నాడు.

కాంట్రాక్టరు కాగితం ఇచ్చాడు. పనివాళ్లు చుట్టూ చేరారు. వాడు జేబులోంచి అట్ట తీసి కాగితం మీద పెట్టగానే ఎవడో కిసుక్కుమన్నాడు.

"ముందు వరండా... లేత నీలం... రెండు కోటింగులు." అట్ట జరిపాడు. "మందుల గది... తెలుపు." మళ్లీ జరిపాడు. ఆగిపోయాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించాను.

వాడు బ్రష్షు నీళ్లలో ముంచాడు. కాగితం చూస్తూ, రంగు పడని గోడ మీద ఆ మాట పెద్దగా రాశాడు. భుజం తిరిగింది, పెదవులు కదిలాయి.

"ప్రసూతి గది" అన్నాడు. "పసుపు. లేత పసుపు. ముదురు కాదు, లేత!"

సొన సంగతి తెలిసినవాళ్లంతా గొల్లున నవ్వారు.

"బానే ఉందయ్యా" అన్నాడు కాంట్రాక్టరు. "ఆ అట్ట లేకుండా చదవలేవా?"

"మీరు కళ్లజోడు లేకుండా చదువుతారా అండీ?"

కాంట్రాక్టరు కళ్లజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. "నిచ్చెన ఇంకెవరికైనా ఇచ్చెయ్ మేస్త్రీ. పని మొదలుపెట్టు."

ఆ ఆదివారం ఒక రంగు డబ్బాతో మా ఇంటికి వచ్చాడు. నీళ్లు తాగి తాగి ముందుగది గోడ మరకలు కట్టింది.

"ఏం రంగురా అది?"

"ఆగు." అట్ట తీసి, డబ్బా మీది పేరు తనే చదివాడు. "లేత గులాబి. అక్కకిష్టం."

"నన్ను అడగలేదేం?"

"వద్దంటావుగా బావా."

వద్దనేవాణ్ణే. ఆ రంగు నాకు నచ్చలేదు. రెండో కోటింగు కూడా వెయ్యమన్నాను.