పదమూడు వారాల పగడాల గుర్రం

ఆదెప్ప తొమ్మిది భాగాల జానపద నవల రాశాడు. పేరు 'పగడాల గుర్రం'. ఆదోనిలో ఆ సంగతి తెలియని వాళ్లెవరైనా ఉంటే ఆయనే స్వయంగా వెళ్లి చెప్పి వచ్చేవాడు.

ఉద్యోగం ఎమ్మిగనూరులో, కాలువ సెక్షన్ ఆఫీసులో హెడ్ గుమాస్తా. కాపురం ఆదోనిలో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. డెబ్భై ఒకటి నుంచి డెబ్భై తొమ్మిది దాకా ఆ బస్సులోనే, ఒళ్లో ఫైలు పెట్టుకుని, నవలంతా రాసేశాడు. గతుకుల మీద యుద్ధాలు, నున్నటి రోడ్డు మీద ప్రేమలు. తొమ్మిది భాగాల్లోనూ యుద్ధాలే ఎక్కువని పాఠకులు తెగ మెచ్చుకునేవారు. ఆ ఘనత రోడ్డుది.

ఆ పాఠకుల్ని సంపాదించి పెట్టింది మాత్రం గఫూర్ సాబ్. బస్టాండు పక్కన ఆయనకి అద్దె పుస్తకాల అంగడి ఉంది. ఒక్కో భాగాన్నీ కత్తితో రెండు ముక్కలు చేసి, విడివిడిగా అట్టలు కట్టి అద్దెకిచ్చేవాడు. ఎక్కడ పడితే అక్కడ కోసేవాడు కాదు. రెండుసార్లు చదివి, మనిషికి ఊపిరాగే పేజీ ఏదో చూసుకుని అక్కడ కోసేవాడు. రాక్షసి చెయ్యి రాకుమారి జడ మీద పడిందా, కోత. జడ ఊడిందో లేదో రెండో ముక్కలో. పత్తి మార్కెట్ హమాలీలు మధ్యాహ్నం సంగటి వదిలేసి రెండో ముక్క కోసం పరిగెత్తుకొచ్చేవాళ్లు.

"నా పుస్తకాన్ని కోడిని కోసినట్టు కోస్తాండావు సాబ్," అనేవాడు ఆదెప్ప.

"కోస్తేనే గదన్నా తింటారు," అనేవాడు గఫూర్ సాబ్.

ఎనభై ఎనిమిదిలో హైదరాబాదు నుంచి యేసేపు దిగాడు. ఎమ్మిగనూరు కూలోళ్ల పిల్లవాడు. ఆదోని హాస్టల్లో చదువుకునేటప్పుడు గఫూర్ సాబ్ అంగట్లో పద్దెనిమిది ముక్కలూ మింగి, పెద్దయ్యాక టీవీ సీరియళ్లు తీసేవాడయ్యాడు. 'పగడాల గుర్రం' పదమూడు వారాలకి మంజూరు చేయించుకుని వచ్చాడు. వస్తూనే ఆదెప్ప కాళ్లకి దండం పెట్టి, రచయిత ఒప్పుకోకుండా ఒక్క మాట కూడా మార్చనని కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టినవాడికి ఇరవై ఎనిమిదేళ్లు. పెట్టించింది వాడి లోపలున్న పన్నెండేళ్ల హాస్టలు పిల్లవాడు.

"సార్, మాటలు మీరే రాయాల. వారానికి ఇరవై రెండు నిమిషాలు. మొదటి వారంలోనే గుర్రం కనపడాల. ఆరో వారానికి సముద్రాలు దాటిపోవాల," అన్నాడు యేసేపు.

ఆదెప్ప చిన్నపిల్లలకి నవ్వినట్టు నవ్వాడు. "పదమూడనేది మంజూరు నాయనా. మంజూరు వేరే, పని వేరే."

ఆయనకి ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. కౌతాళం దగ్గర ఒక తూము ఆరు నెలల గడువుతో మంజూరై పదకొండేళ్లు నడిచింది. ఏడు పొడిగింపులు. పునాదికి టెంకాయ కొట్టిన ఇంజనీరు రిటైరయ్యాడు, ఆయన కొడుకు ఇంజనీరై వచ్చి అదే గుంతలో ఇంకో టెంకాయ కొట్టాడు. ఆ ముప్పై ఏళ్లలో ఆదెప్ప నేర్చుకున్నది ఒక్కటే. గడువులో అయిపోయిన పనికి పొడిగింపు రాదు. సగంలో ఉన్న పనిని సర్కారు వదిలిపెట్టలేదు. కాబట్టి పదమూడో వారానికి కథ ఎంత తక్కువ జరిగితే పొడిగింపు అంత గట్టిగా వస్తుంది.

ఇంకో రెండేళ్లలో ఆయనకి రిటైర్మెంటు. ఆ తర్వాత ఎమ్మిగనూరులో ఆయన్ని చూసి ఎవరూ లేచి నిలబడరు. తొమ్మిది భాగాలూ, ఒక్క అక్షరం పోకుండా టీవీలో వస్తే మాత్రం నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్లూ లేచి నిలబడతారు. ఆయన లెక్క అది, ఆయన ఆశ కూడా అదే.

మాటలు రాయడం మొదలైందని తెలియగానే ఆయన ఉండే కాలనీలో పెద్దమనుషులు ఒక్కొక్కరే ఆదెప్ప ఇంటికి కాఫీకి రావడం మొదలుపెట్టారు. ఇంజనీరు గారి భార్యకి రాణిగారి చీరల మీద కొన్ని అభిప్రాయాలున్నాయి. ఆమెవి ఏడు పట్టుచీరలు తెర మీదికి పోవాలి, అందుకని రాణి ఏడుసార్లు సభకి రావాలి. బ్యాంకు మేనేజరు కూతురు మూడేళ్లుగా నాట్యం నేర్చుకుంటోంది, ఆ పిల్లకి ఒక నాట్యం. మేనేజరు గారికేమీ అక్కర్లేదు. మంత్రి నోట పొదుపు గురించి నాలుగు మంచి మాటలు చెప్పిస్తే చాలన్నాడు. ఆదెప్ప ఎవర్నీ కాదనలేదు. కాలవ్యయానికి ఇంతమంది పెద్దలు ఉచితంగా సాయపడతారని ఆయన అనుకోలేదు.

మంగళవారం సాయంత్రం ఏడున్నరకి మొదటి వారం వచ్చింది. ఆదెప్ప హాల్లో జనం ఎవరి హోదాకి తగ్గట్టు వాళ్లు సర్దుకున్నారు. సోఫాలో ఇంజనీరు దంపతులు, కుర్చీల్లో బ్యాంకు, గడప దగ్గర చాప మీద గఫూర్ సాబ్. కిటికీ బయట బండి తోలే హుసేనప్ప, వీధిలో వాళ్లు.

రాజు సభకి వచ్చాడు. వందిమాగధులు పొగిడారు. మంత్రి వచ్చాడు. సేనాపతి వచ్చాడు. రాణి ఒక చీరలో వచ్చింది. దేశం క్షేమమా అని రాజు అడిగాడు. క్షేమమే అన్నాడు మంత్రి. వర్షాలు? పడ్డాయి. ఇరవై రెండు నిమిషాలు అయిపోయాయి.

"చాలా హుందాగా ఉందండీ," అంది ఇంజనీరు గారి భార్య. ఏమీ జరగనిదాన్ని హుందా అనడం ఆ కాలనీ అలవాటు.

"ఏం సామీ, గుర్రం యాడ?" అన్నాడు కిటికీలోంచి హుసేనప్ప.

రెండో వారం రాకుమారుడు మణిధ్వజుడికి నామకరణం జరిగింది. మూడో వారం ఆ నామకరణానికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లారు. నాలుగో వారం మంత్రి పొదుపు గురించి మాట్లాడాడు. మేనేజరు గారు కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, తన మాటలు తనే వింటూ తలాడించాడు. ఐదో వారం నాట్యం. ఆ పిల్ల తొమ్మిది నిమిషాలు ఆడింది, మేనేజరు భార్య మధ్యలో ఎవర్నీ దగ్గనివ్వలేదు. ఏడో వారం మణిధ్వజుడు గుర్రాన్ని వెతకడానికి బయలుదేరి, తల్లి దగ్గర సెలవు తీసుకున్నాడు. ఎనిమిదో వారం పినతల్లుల దగ్గర తీసుకున్నాడు. పినతల్లులు ముగ్గురు.

ఆ సరికి కిటికీ దగ్గర హుసేనప్ప ఒక్కడే మిగిలాడు. బస్సులో కండక్టరు టికెట్టు చింపి ఇస్తూ, "గుర్రం యాడిదాకా వచ్చింది సారూ?" అని అడిగేవాడు. ఆదెప్ప దాన్ని అభిమానం కింద జమ కట్టుకున్నాడు.

తొమ్మిదో వారం యేసేపు ఉత్తరం రాశాడు. పొడిగింపు అనేది లేదు సార్, పద్నాలుగో వారం నుంచి వేరే వాళ్ల సీరియలుకి ఇచ్చేశారు, మిగిలిన నాలుగు వారాల్లో కథ నడిపించండి, మీ కాళ్లు మొక్కుతాను అని. ఆదెప్ప ఆ ఉత్తరం పట్టుకుని గఫూర్ సాబ్ అంగడికి పోయాడు. భయపడి కాదు. యేసేపు అమాయకత్వం ఎవరికైనా చూపించాలి గదా అని.

గఫూర్ సాబ్ ఉత్తరం చదివి కళ్లద్దాలు తీశాడు. "పిల్లోడు నిజం సెప్తాండాడన్నా. నాలుగు వారాలంటే శానా ఉండాది. రేపటి వారమే గుర్రం ఎక్కించు."

"గుర్రం ఎక్కిస్తే పని సాగిందనుకుంటారు సాబ్. నీళ్లు పారే కాలువకి పొడిగింపు ఎవడిస్తాడు?"

"అరే అన్నా, ఇది కాలువ కాదప్పా, కత! కాలువలో నీళ్లు రాకుంటే రైతు యాడికీ పోలేడు, గట్టు మీద కూసుంటాడు. టీవీలో కత రాకుంటే లేసి పోయి బువ్వ తింటాడు."

"మా హాల్లో ఎవరూ లేచిపోలేదే."

"సోఫాలో కూసున్నోళ్లు యాడికి పోతారు? వాళ్లు సూసేది కత కాదు, వాళ్ల సీరలు, వాళ్ల పిల్ల. నేను పదిహేనేండ్లు నీ పుస్తకం కోసినాను. చదివేవాని చెయ్యి దురద పెట్టే చోట కోసినాను. నువ్వు కోస్తాండేది యాడ? ముందూ ఏం లేదు, ఎనకా ఏం లేదు."

ఆదెప్ప నొచ్చుకున్నాడు. అద్దె పుస్తకాలవాడికి పరిపాలన అర్థం కాదని సరిపెట్టుకుని ఇంటికి వచ్చి, పది నుంచి పదమూడు దాకా నాలుగు వారాలూ రాసి పంపాడు. పదో వారం మణిధ్వజుడు ఊరి పొలిమేర చేరాడు. పదకొండో వారం పొలిమేర దగ్గర ఒక ముని ధ్యానంలో ఉన్నాడు, ఆయన కళ్లు తెరిచేదాకా ఆగాడు. పన్నెండో వారం ముని కళ్లు తెరిచాడు. పొడిగింపు కోసం ఆదెప్ప ఒక దరఖాస్తు కూడా పంపాడు. మూడు కాపీలు, పని ప్రగతి నివేదికతో సహా. ప్రగతి: పన్నెండు శాతం. అంత మంచి నివేదిక తన సర్వీసులో ఇంకోటి రాయలేదు.

అప్పుడు యేసేపు దగ్గర్నుంచి టెలిగ్రాం వచ్చింది. చివరి వారం చివర్లో కథ ముగిస్తూ ఒక్క నిమిషం మాటలు నేను పెడతాను, శుక్రవారంలోగా మీ జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటాను అని.

ఆదెప్ప దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత మడిచి ఫైల్లో పెట్టాడు. మొదటి కాగితానికి జవాబివ్వడం ఆయన సర్వీసులో లేదు. మొదటి కాగితం వస్తుంది, రెండోది వస్తుంది, మూడోది వచ్చాక చూద్దాం అంటారు. ఈలోగా పని ఆగుతుంది, ఆగిన పనికి పొడిగింపు వస్తుంది. శుక్రవారం వచ్చింది, పోయింది. రెండో టెలిగ్రాం రాలేదు. యేసేపుకి ఆఫీసు పద్ధతులు తెలియవని ఆదెప్ప జాలిపడ్డాడు.

పదమూడో మంగళవారం హాలు నిండింది. ఆఖరుది అని తెలిసి కిటికీ దగ్గరికి కూడా జనం వచ్చారు. మణిధ్వజుడు మునికి నమస్కారం చేశాడు. ముని దీవించాడు. దీవెన ఇరవై నిమిషాలు సాగింది. తర్వాత ముని చెయ్యి చాపి అటు చూడమన్నాడు. దూరంగా, కొండ మీద, పగడాల గుర్రం.

కిటికీ బయట ఒక్కసారి కేక లేచింది. "అదో! అదో గుర్రం!"

బొమ్మ అక్కడే ఆగిపోయింది. గుర్రం కదలడం లేదు. ఒక గొంతు వినిపించింది, యేసేపుదే.

"మణిధ్వజుడు ఆ గుర్రాన్నెక్కి ఏడు సముద్రాలు దాటాడు. రాక్షసి చేతిలోంచి రాకుమారిని విడిపించాడు. తామర గింజలో దాగిన ఆ రాక్షసి ప్రాణాన్ని గోటితో చిదిమేశాడు. శిలలైపోయిన వెయ్యిమంది వీరులు లేచి కూర్చున్నారు. గుర్రం నిజానికి శాపం తగిలిన అతని అన్న. శాపం తీరి అన్నకి రాజ్యమిచ్చి, మణిధ్వజుడు రాకుమారితో సుఖంగా ఉన్నాడు."

శుభం పడింది.

ఆదెప్ప చెయ్యి టీవీ వైపు లేచింది, మీట తిప్పి ఆ గొంతుని వెనక్కి పంపగలిగినట్టు. తొమ్మిదేళ్లు. ఆ శిలలు లేచి కూర్చోవడానికి ఆయనకి రెండు భాగాలు పట్టింది. గుర్రం అన్న అనే సంగతి ఏడు భాగాల దాకా దాచాడు. నోరు తెరిచాడు. ఇది నాది కాదు, ఇది నేను రాసింది కాదు అని అరవబోయాడు.

వంటింటి గుమ్మంలో ఆయన భార్య హులిగెమ్మ పాలగిన్నె పట్టుకుని నిలబడింది. "ఏమప్పా, తొమ్మిదేండ్లు బస్సులో కూసోని రాస్తివి. వాడు నా పాలు పొంగేలోపల ముగించినాడే," అంది.

ఈలోగా ఇంజనీరు గారు సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టారు. ఆయన లేచారు గనక బ్యాంకు లేచింది. బ్యాంకు లేచింది గనక కుర్చీలన్నీ లేచాయి.

"అద్భుతమయ్యా ఆదెప్పా! ఆ చివరి నిమిషం! ఎంత క్లుప్తంగా, ఎంత పదునుగా!"

"ఇదప్పా కతంటే!" అని కిటికీలోంచి హుసేనప్ప. "ఇన్నాళ్లూ యాడ దాపెట్టినావు సామీ?"

ఆదెప్ప తెరిచిన నోరు అలాగే ఉంది. అందరూ లేచి నిలబడి ఉన్నారు. ఆయన ఒక్కొక్క ముఖమే చూశాడు. నోరు మెల్లగా మూసుకుని, తల కొంచెం వంచి, చేతులు జోడించాడు.

"ఏదో, మీ అభిమానం," అన్నాడు.

ఆదివారం ఆఫీసర్ల క్లబ్బులో సన్మానం. ఆదెప్ప 'కథలో క్లుప్తత' అనే విషయం మీద గంటా పది నిమిషాలు మాట్లాడాడు. మాట ఎక్కువైతే కథ చస్తుందని తాను మొదట్నుంచీ నమ్మానని, పన్నెండు వారాల నిదానమంతా ఆ ఒక్క నిమిషానికి చదును చేసిన నేల అని చెప్పాడు. ఇంజనీరు గారి భార్య ఈ మాట డైరీలో రాసుకుంది.

సభ అయ్యాక మెట్ల దగ్గర గఫూర్ సాబ్ ఆయన్ని పక్కకి పిలిచాడు.

"అన్నా, ఆ నిమిషం నువ్వు రాసింది కాదు గదా?"

ఆదెప్ప శాలువా సర్దుకున్నాడు. "యేసేపు నన్నడిగినాడు సాబ్. నేను వద్దనలేదు. వద్దనకపోవడం కూడా రచయిత నిర్ణయమే."

"సరే. బుధవారం నుంచి పదకొండు మంది వచ్చి, సగం చదివిన ముక్కలు వాపసిచ్చిపోయినారు. కత తెలిసిపాయె, ఇంకెందుకు సాబ్ అంటాండారు. పదిహేనేండ్లలో నీ పుస్తకం సగంలో ఎవడూ వాపసియ్యలేదన్నా."

ఆదెప్ప ఆయన భుజం తట్టాడు.

"చూసినావా సాబ్, జనానికి ఎంత బాగా అర్థమయిందో!"

ఇంజనీరు గారి జీపు హారన్ మోగింది. ఆదెప్ప పూలదండ నలగకుండా రెండు చేతులతో పట్టుకుని, ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.